చక్రం కింద చితకని నిమ్మకాయ

కొత్త జిల్లాలు ఏర్పడిన తొలి రోజుల్లో నన్ను జనగామకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. బండి రోడ్డెక్కడానికి తగునో తగదో చూసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వడం నా పని. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఆ ఒక్క లారీ మాట వస్తే మాత్రం కొంచెం గొంతు తగ్గించి మాట్లాడతాను.

బచ్చన్నపేట మల్లారెడ్డి సైన్యం వేలం వేసిన ఆరు చక్రాల లారీ కొని, దాని మీద బోరు మిషను ఎక్కించాడు. మిలిటరీ టైర్లు బజారులో దొరక్క ఆరింటికీ మామూలు లారీ చక్రాలు వేయించాడు. ఫిట్‌నెస్ కోసం నా దగ్గరికి తెచ్చాడు. సాయంత్రానికి బండి కొడకండ్ల పోవాలి. మిషను పక్కన కూలీలు కూర్చుంటారు. వాళ్లలో డ్రైవర్ భద్రు తమ్ముడూ ఒకడు. అన్నదమ్ములది మహబూబాబాద్ దగ్గరి తండా.

పైకి అన్నీ బాగానే ఉన్నాయి. నట్లు బిగువుగా ఉన్నాయి, టైర్లు కొత్తవి. పచ్చరంగు మీద ఎరుపు పూశారు గానీ, మిట్టమధ్యాహ్నపు ఎండలో తలుపు మీది పాత మిలిటరీ నంబరు మళ్లీ పైకి తేలుతోంది. ఎందుకో దాన్ని చూడబుద్ధి కాలేదు.

నడిపి చూడబోతే మల్లారెడ్డి ఆగమన్నాడు. కొత్త చక్రాలు కదా, ప్రతి చక్రం ముందూ నిమ్మకాయ పెట్టాడు. బండి కదిలింది. అన్నీ చితికాయి, ఎడమవైపు నడిమి చక్రం కిందిది తప్ప. అది దుమ్ము కొట్టుకుని చక్రం ముందే నిండుగా ఉంది. సరిగ్గా పెట్టలేదేమోనని మల్లారెడ్డి ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

మూడోది నేనే పెట్టి, బండి పక్కనే నడిచాను. గ్యారేజీ నుంచి ఇక్కడిదాకా బాగానే వచ్చిన ఆ చక్రం ఇప్పుడు తిరగడం లేదు. గాలి కొట్టే వాల్వు పైన ఎక్కడుందో అక్కడే ఉంది. చక్రం అట్లాగే నేలను గీసుకుంటూ వచ్చి నిమ్మకాయను ముందుకు నెట్టింది.

భద్రు ఇంజను ఆపి దిగాడు.

"గా చక్రాన్ని ఎవలో పట్టుకున్నరు సారు. నేనెక్క. మా తమ్మున్ని ఎక్కనియ్య."

మల్లారెడ్డి కసురుకున్నాడు. నేను జాకీ పెట్టించాను. నేల విడవగానే చక్రం వేలితో తాకితే తిరిగింది. చప్పుడన్నది లేదు. తిరిగి తిరిగి ఆగి, కొంచెం వెనక్కి వచ్చింది. దించి బండి కదిలించగానే మళ్లీ బిగుసుకుంది. నాకూ భయం వేసిందనే చెప్పాలి.

విప్పించాక సంగతి తెలిసింది. చక్రం కూర్చునే ఇనుప దిమ్మను హబ్ అంటారు. మిలిటరీ హబ్ చిన్నది, కొత్త చక్రం నడిమి కంత పెద్దది. గ్యారేజీవాళ్లు మధ్యన ఒక ఇనుప బిళ్ల పెట్టి, పొడుగు బోల్టులతో బిగించేశారు. బరువు పడగానే చక్రం లోపలికి వాలుతోంది, బోల్టు తలలు వెళ్లి బ్రేకు ప్లేటును పట్టుకుంటున్నాయి. జాకీ మీద బరువు లేదు కనుక వదిలేస్తున్నాయి. భద్రును కూర్చోబెట్టి ఇదంతా చూపించాను.

అతను శ్రద్ధగా విన్నాడు. "అన్నిటికీ గదే పని చేసిండ్రు గద సారు. మరి గిదొక్కటే ఎందుకు పట్టింది?"

అది తేల్చుకుందామని మిగతా చక్రాలూ విప్పించాను. ఒక్కటీ హబ్ మీద ఆనుకుని లేదు. బరువంతా బోల్టులే మోస్తున్నాయి. గ్యారేజీ నుంచి వచ్చిన ఆ కాస్త దూరానికే ప్రతి బోల్టు మెడా ఎవరో పళ్లతో కొరికినట్టు అరిగి ఉంది. కొన్ని సుత్తి తగలగానే విరిగాయి. ఆ బండి కొడకండ్ల చేరేది కాదు.

మల్లారెడ్డి నేల మీద చతికిలబడ్డాడు. భద్రు ఆ నడిమి చక్రం మీద చెయ్యి వేశాడు.

"పట్టుకున్నోడు మంచోడే సారు," అన్నాడు.

బండికి ఫిట్‌నెస్ ఇవ్వలేదు. ఆ తర్వాత చక్రాలు మార్చిన బండి ఏది వచ్చినా, జాకీ మీద తిప్పి చూసి నమ్మలేదు. బరువుతో నడిపించి, అన్ని చక్రాలూ విప్పించాకే సంతకం పెట్టాను. ఒక చక్రంలో తప్పు దొరికితే తనిఖీ అక్కడితో అయిపోదు, అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క చక్రమే ఎందుకు పట్టిందన్నది రిటైరయ్యాక కూడా తేలలేదు.