ఒకటో గేటు ఆవిడ కూతురు

కువైట్‌లో దిగేసరికి మధ్యాహ్నం. సెప్టెంబరు నెల. విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే పొయ్యిలోకి మొహం పెట్టినట్టయింది. సెక్యూరిటీ కంపెనీ వ్యాను ఖైతాన్ అనే పేటలో ఒక పాత బిల్డింగు ముందు దింపింది. గదికి ఆరుగురు ఆడవాళ్లం. మర్నాడు సామాను ఇచ్చారు. నీలం చొక్కా, ప్యాంటు, ఈల, వాకీటాకీ. నలభై దాటాక ప్యాంటు వేయడం అదే మొదలు.

నేను సిపాయి పెళ్లాన్ని. మా ఆయన కేంద్ర బలగాల్లో జవాను. అడవిలో రోడ్డు కింద మందుపాతర పేలి పోయారు. జెండా మడతపెట్టి నా చేతిలో పెట్టి, “ప్రభుత్వం అన్నీ చూసుకుంటుందమ్మా” అన్నారు. మరుసటేడు అదే రోడ్డు మీద మళ్లీ పేలింది. తర్వాత నేనూ కాపలా పనికే వచ్చాను, పిల్లల బడి గేటుకి. నాకు సంతకం వరకే వచ్చు. చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

సూపర్‌వైజర్ వరంగల్ అబ్బాయి. మొదటి రోజే ఆర్డరు వేశాడు. “అక్కా, కార్డు లేనిదే పోరగాణ్ణి ఎవలకూ ఇయ్యొద్దు. మంత్రి అచ్చినా సరే.”

నాది రెండో గేటు. ఒకటో గేటు ఆవిడది నైజీరియా. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఊళ్లో దొంగల భయమని పిల్లని దూరాన హాస్టల్లో వేసింది. ఇంటికంటే బడి క్షేమం అనుకుంది. హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడుకునేవాళ్లం. వాకీటాకీలో కూడా నన్ను కమాండర్ అనే పిలిచేది.

“కమాండర్, ఇక్కడొకడు. పెద్ద కారు, చిన్న బుద్ధి. ఒకటే హారన్.”

“ఈల ఊదు. నేనూదమన్నానని చెప్పు.”

“చెప్పాను. ఖలాస్, పారిపోయాడు.”

ఫిబ్రవరిలో ఒక రోజు దుమ్ము రేగింది. ఎదుటి రోడ్డు కనబడట్లేదు. బడి విడిచే వేళ. వాకీటాకీలో ఆవిడ గొంతు, “గేట్ టూ... గేట్ టూ...” అంది. తర్వాత మాట లేదు. సూపర్‌వైజర్‌ని నా గేట్లో నిలబెట్టి పరిగెత్తాను.

ఆవిడ ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో ఎల్‌కేజీ పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది. ఎదురుగా పిల్ల నాన్న. విజయవాడ ఇంజనీరు.

“ఏంటండీ ఇది! కార్డు చూపించాను, రోజూ వచ్చేవాణ్ణే. నా కూతుర్ని నాకివ్వదేంటి? మతి పోయిందా ఈవిడకి?”

ఫోన్లో ఏముందో ఆవిడే చెప్పింది. పొద్దున్నే దొంగలు తుపాకులతో కూతురి బడి మీద పడ్డారట. హాస్టల్ పిల్లల్ని అడవిలోకి తోలుకుపోయారట.

“కోప్పడకండి బాబూ, ఈవిడ కూతుర్ని బళ్లోంచి ఎత్తుకుపోయారంట,” అన్నాను.

ఆయన కార్డు జేబులో పెట్టుకుని ఆ దుమ్ములోనే నిలబడ్డాడు. నేను ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. ఎంత గట్టిగా పట్టుకుందో, ఆ పాప చేతిమీద తెల్లగా అచ్చుపడింది. పాప మాత్రం ఏడవలేదు. “ఆంటీకి జ్వరమా నాన్నా?” అని అడిగింది.

అప్పట్నుంచి ఎదురుచూపులే. వాళ్ల మంత్రి ఫోన్లో రోజూ కనబడేవాడు.

“ఏమంటున్నాడు?” అని అడిగేదాన్ని.

“గవర్నమెంటు చూసుకుంటుంది అంటున్నాడు.”

నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంత్రికి ముందొక బండి, వెనకొక బండి, చుట్టూ తుపాకులు. ఆ బడికి ప్రహరీ గోడే లేదట. ఇక్కడైనా అంతే, అక్కడైనా అంతే. సిపాయిల్ని చంపుకుంటారు, పిల్లల్ని పోగొట్టుకుంటారు, మైకు ముందు అదే మాట. ఎవరికి కాస్తున్నారు కాపలా? అడిగి అడిగి నాకు విసుగొచ్చింది. ఇప్పుడు కోపానికి కూడా ఓపిక లేదు.

వేసవి సెలవులకి ముందు ఆ దొంగలు పిల్లల్ని వదిలారు. గవర్నమెంటు వాళ్లు వెంటనే ఇళ్లకి పంపలేదు, ముందు మంత్రి పక్కన వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆవిడ ఫోను కళ్లకి ఆనించుకుని ఒక్కో మొహం వెతికింది.

“ఇదిగో! కమాండర్, ఇదిగో! సన్నబడింది. నాదే, నాదే!”

సూపర్‌వైజర్ ఆఫీసు చుట్టూ తిరిగి సెలవు సంపాదించాడు. “నువ్వు పో అక్కా. రెండు గేట్లూ ఈ అక్క చూస్తది,” అన్నాడు. చూశాను.

కాంట్రాక్టు అయ్యాక నేనూ మా ఊరు రాజోలు వచ్చేశాను. వచ్చిన వారంలో ఆవిడ వీడియో కాల్ చేసింది. ఫోను మంచం వైపు తిప్పింది. పిల్ల నిద్రపోతోంది. ఒంటిమీద గౌను. కాళ్లకి బడి బూట్లు.

“విప్పనివ్వదు. వాళ్లు మళ్లీ వస్తే పరిగెత్తాలి కదమ్మా అంటుంది.”

మా ఆయన కూడా సెలవుకొస్తే మొదటి రెండు రాత్రులు బూట్లతోనే పడుకునేవారు. దుప్పటి పాడవుతుందని నేను సణిగేదాన్ని. ఆయన సిపాయి. ఆ పిల్లకి పదేళ్లు. పసుప్పచ్చ దుప్పటి మీద ఆ చిన్న నల్ల బూట్లు, ఊడకుండా రెండేసి ముళ్లు వేసిన లేసులు. కళ్లు మూసుకుంటే అవే.