రంగు పోయిన చేప

ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాది నాకు భావనపాడు తీరంలోని చేపల మీద ప్రాజెక్టు ఇచ్చారు. మాది వరి పండించుకునే ఇల్లు. సముద్రాన్ని దూరం నుంచి చూడడమే తప్ప ఎరగను. ఎండుచేపలు అమ్మే ఒకావిడ ఇంట్లో నెల్లాళ్ళున్నాను. ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని.

సముద్రంలో కలిసే పాయ ఒడ్డున, బురద ఇసుకలోని బొరియ దగ్గర చిటికెనవేలంత చేపను పట్టి, ఫార్మలిన్ సీసాలో వేసి కాలేజీకి పట్టుకెళ్ళాను. పొట్ట కింది రెక్కలు కలిసిపోయి గిన్నెలా ఉండడంతో గోబీ అనే రకం చేపని తెలిసింది. ఏ గోబీయో తేలలేదు. వారం తిరిగేసరికి సున్నంలా తెల్లబడిపోయింది. పుస్తకంలో దానికి దగ్గరగా ఉన్న బొమ్మేమో పగడపు దిబ్బల చేపది.

"మన తీరంలో పగడాలెక్కడివమ్మా? బతికుండగా చూసి రా," అన్నారు మా మాస్టారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సీసా పట్టుకుని మళ్ళీ భావనపాడు వెళ్ళాను. అది చూసి పిన్ని నవ్వింది. "సచ్చిన సేపకి రంగేటుంటాదే? రేపు నీరు తగ్గినప్పుడు రా, సూపిత్తాను."

మర్నాడు పొద్దున్నే పాయ ఒడ్డున నన్ను గొంతుక్కూర్చోబెట్టింది. "కదలకు. నీ నీడ పడిందంటే దూరిపోతాది."

కాళ్ళు తిమ్మిరెక్కాయి. చాలాసేపటికి బొరియలోంచి ఓ రొయ్య ఇసుక తోసుకుంటూ బయటికొచ్చింది. గుమ్మంలో చేప. రొయ్య మీసమొకటి దాని తోకను తాకుతూనే ఉంది.

"రొయ్యకి కళ్ళానవు. ఇల్లు తవ్వడం దాని పని, కాపలా దీని పని," గుసగుసగా చెప్పింది పిన్ని.

అప్పుడు కనిపించాయి, చేప బుగ్గల మీద నీలిచుక్కలు, ఒంటి మీద ఏటవాలు గోధుమరంగు పట్టీలు. గబగబా బొమ్మ వేసుకున్నాను.

ఆ బొమ్మ పక్కన పెట్టుకుని, మైక్రోస్కోపు కింద రెక్కల ముళ్ళు, పొలుసులు లెక్కపెడితే పుస్తకంలోని పేరే ఖాయమైంది. పగడాలు లేకపోయినా రొయ్య తవ్విన ఇల్లుంటే దానికి చాలని మాస్టారు ఒప్పుకున్నారు.

ఆ కబురు చెప్పడానికి మళ్ళీ బస్సెక్కాను. లాటిన్ పేరు పిన్నికి నోరు తిరగలేదు.

"మరి మీరేమంటారు పిన్నీ?"

"మేవేటంటాం? కూరకి రాని సేపకి పేరెవులు పెడతారు? ముందు కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు."

ఇప్పుడు నేను విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను. మా విద్యార్థులు ఫోనుతో ఫొటో తీసి క్షణంలో పేరు చెప్పేస్తారు.

పిన్ని పోయిందని తెలిసి వెళ్ళినప్పుడు ఆవిడ కూతురు అంది: "సదువుకున్న పిల్లకి సేపని నేనే సూపించానని అమ్మ ఊరందరికీ సెప్పేది."

ఆ మాట నా ప్రాజెక్టు పుస్తకంలో ఎక్కడా లేదు. అప్పుడు రాయాలని తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను.