మా బావ రాజీనామా

మా బావ కొలంబోలో ఉద్యోగం వదిలేసి వచ్చిన రోజున మా ఇంట్లో కోడిని కోశారు. ఉద్యోగం పోయినందుకు కోడికూర వండుకుని తిన్న కుటుంబం ఇందుకూరుపేట చుట్టుపక్కల మాదొక్కటే అయి ఉంటుంది. అందులో కోడి తప్పేమీ లేదు, మా నాయన తప్పూ లేదు. తప్పంతా ఒక మాటది. ఆ మాటను సరిదిద్దకుండా తొడ ముక్క నములుతూ కూర్చున్న మా బావది.

కాలవ గట్టు గురించి మా నాయనకూ పక్క పొలం వాళ్ళకూ చాలా ఏళ్ళపాటు మున్సిఫ్ కోర్టులో దావా నడిచింది. తిరిగి తిరిగి విసిగిపోయి చివరికి ఇద్దరూ కలిసి కోర్టులో రాజీనామా దాఖలు చేసుకుని బయటపడ్డారు. దాంతో రాజీనామా అంటే మా ఇంట్లో ఒకటే అర్థం. తగువు తీరింది, ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇక కంటినిండా నిద్రపోవచ్చు అని.

సెలవు పెట్టిన అక్కను వెంటబెట్టుకుని బావ బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "దొరతో మాటా మాటా వచ్చింది మామా. రాజీనామా ఇచ్చేసి వచ్చినా," అన్నాడు.

నాయన మొహం వెలిగిపోయింది. "మంచి పని చేసినావబ్బా. పెద్దోళ్ళతో మనకి పంతాలు ఎందుకు? రాజీ అయిపోతే ఇద్దరికీ మర్యాద," అని, ఆ నోటితోనే కోడిని పట్టమని కేకేశాడు.

బావ ఒక్క క్షణం నోరు తెరిచాడు. వసారాలో కూర్చున్న చుట్టాలందరూ అతన్ని మెచ్చుకోలుగా చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకుని, మీసం దువ్వుకుని, "అవును మామా," అన్నాడు. నేను చూసినంతలో మా బావ జీవితంలో చేసిన పనులన్నీ ఇంతే. నోరు తెరవాల్సిన చోట మీసం దువ్వుకోవడం.

అక్క ఆ పూట అన్నం కెలికి వదిలేసింది. ఆమెకు నిజం తెలుసు. భర్త మాటను పదిమందిలో కాదనకూడదని చర్చి ఆదివారం బడిలో మాకు పాటలు పాడించి మరీ నేర్పారు, అందుకని ఊరుకుంది.

అక్క గురించి చెప్పాలి. ఆమె నెల్లూరులో నర్సు చదువు చదివింది. పెళ్ళయ్యాక బావ వెంట కొలంబో వెళ్ళి, అక్కడ ఒక కాన్పుల ఆసుపత్రిలో తనంతట తాను ఉద్యోగం సంపాదించుకుంది. ఆ దేశంలో ఉండడానికి ఆమెకు వేరే వీసా, ఆసుపత్రి వాళ్ళు తెప్పించింది. అక్కకు ఉద్యోగం ఉన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తుండదు. ఎవరైనా అడిగితే, "మా పెద్దమ్మాయి కొలంబోలో అల్లుడి దగ్గర ఉండాది," అని చెప్పేవాళ్ళు. కష్టమైన కాన్పు వస్తే అక్కడి పెద్ద డాక్టరమ్మ అక్కకోసమే మనిషిని పంపుతుందట. ఒకసారి పక్కలో పడుకుని నాతో అంది, "అక్కడ నన్ను నా పేరు పెట్టి పిలుస్తారే." అప్పటికి నాకూ సంబంధాలు చూస్తున్నారు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

బావ గుట్టు వచ్చే ఆదివారందాకా కూడా దాగలేదు. అల్లుడు దొరతో రాజీనామా చేసుకుని వచ్చాడని నాయన గుడి దగ్గర, అంగడిలో, చేనుగట్టు మీద చెప్పుకుంటూ తిరిగాడు. ఆ మాట బావ అన్నగారి చెవిన పడింది. ఆయన కోర్టు గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు, మాకు పెద్దబావ. గొడుగు ఊపుకుంటూ వచ్చి వసారాలో కూలబడి నుదురు కొట్టుకున్నాడు.

"మామా, కోర్టులో రాజీనామా వేరు, కొలువులో రాజీనామా వేరు. వీడు రాజీ పడలేదు. ఉద్యోగం మొహాన కొట్టి వచ్చినాడు."

"ఎందుకు?" అన్నాడు నాయన.

ఎందుకో బావ చెప్పాడు. చెప్పేటప్పుడు ఛాతీ ముందుకు పొడుచుకొచ్చింది కూడా. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడికి చోటు కోసం దొర ఇతని బల్లను ఫ్యాను కింద నుంచి గోడవైపుకు జరిపించాడట. అంతే. ఇంటిల్లిపాదినీ నడిసముద్రంలో వదిలింది ఫ్యాను గాలి కోసం.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. సిలోనులో మనవాళ్ళు ఉండాలంటే ఏదో ఒక కంపెనీ, "ఈ మనిషి మాకు కావాలి," అని సర్కారుకు చెప్పాలి. ఆ కంపెనీ కొలువు పోతే వీసా కూడా దాంతోనే పోతుంది. బావది నెల తిరిగేలోగా ముగిసిపోతోంది. ఈ వీసా మాట మా పక్కింటి అవ్వకు వీసంగా వినబడింది. ఇన్నాళ్ళూ అల్లుడికి కొలంబో కంపెనీలో వీసం, అంటే పదహారో వంతు, వాటా ఉందనుకుంటోందట. "వాటా పోయిందా నాయనా," అని బావను పట్టుకుని ఏడ్చింది. బావ ఆమెనూ సరిదిద్దలేదు.

ఇక మా వసారాలో పెద్దమనుషుల సభ మొదలైంది. రోజూ సాయంత్రం చాపలు పరిచి, మొలకొలుకుల అన్నం, చేపల పులుసు కడుపునిండా తిని, తమలో ఎవ్వరూ చూడని దేశంలో మా బావను ఎలా నిలబెట్టాలో తేల్చేవాళ్ళు. వడ్డించడం, ఎంగిలి విస్తర్లు ఎత్తడం అక్కా నేనూ.

పెద్దబావ మాట వ్యాపారం. సొంత వ్యాపారం ఉన్నవాణ్ణి ఏ సర్కారూ పొమ్మనదట. ఏం వ్యాపారం అని అడిగితే, మైపాడు ఎండుచేపలు అన్నాడు. చుట్టూ సముద్రమే ఉన్న దేశానికి మనవాళ్ళు చేపలు తీసుకుపోయి అమ్ముతారట. ఈ తెలివితోనే కాబోలు ఆయన కోర్టులో అన్నేళ్ళూ ఒకే కుర్చీలో కూర్చున్నాడు.

పాస్టరయ్యగారి మాట సువార్త. సువార్త పనిమీద వచ్చిన వాళ్ళకు వీసాలు తేలికట. "మన అబ్బాయిని సువార్తికుడిగా పంపుదాం," అన్నారు. బావ భక్తిగా తల వంచాడు. ప్రసంగం మొదలైన కాసేపటికే గుడిలో ఆ తల అలాగే వంగేది, గురక కూడా వినిపించేది. ఇతగాడు పోయి సిలోను ఆత్మలను రక్షిస్తాడట!

మా నాయన ఆ దేశస్థుడిగానే రాయించుకోమన్నాడు, రాయించుకోవడం అంటే పొలం పట్టా అనుకుని. దానికి ఏళ్ళ తరబడి అక్కడే ఉండి రుజువులు చూపాలని తెలిశాక, "మరి ఉండనిస్తే కదా చూపేది," అని తనే విసుక్కున్నాడు. ఆ సభలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే. నెల్లూరు నుంచి వచ్చిన ఒక చుట్టమైతే, కాగితాలు ఎందుకు, చీకట్లో పడవెక్కి దిగిపొమ్మన్నాడు. బావకు పడవ ఎక్కితే వాంతులు. ధనుష్కోడి దగ్గర ఓడ ఎక్కినప్పుడల్లా అక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేవాడు.

వాళ్ళు ఇన్ని దారులు వెతికారు గానీ, పులుసు వడ్డిస్తున్న మనిషిని ఒక్కరూ ఏమీ అడగలేదు.

ఒక సాయంత్రం అక్క గరిటె కింద పెట్టింది. "నాది ఇంకా రెండేళ్ళుండాది," అంది. అందరూ పులుసు గురించి అనుకుని ఆమె వైపు చూశారు. "నా వీసా. నా భర్తగా ఆయన నాతో ఉండొచ్చు. వచ్చేముందు కనుక్కొని వచ్చినా. వేరే కంపెనీ దొరికిందాకా కొలువు చేయకూడదు, అంతే. నా సెలవు అయిపోయేలోపల ఇద్దరం పోదాం."

చక్కటి మాట. ఖర్చు లేదు, అబద్ధం లేదు, ఎండుచేపల కంపు లేదు. అయినా చావు కబురు విన్నట్టు అందరూ మొహాలు మాడ్చుకున్నారు.

బావ విస్తరి ముందునుంచి లేచాడు. "అంటే, కాగితాల్లో నేను నీ మీద ఆధారపడినోణ్ణని రాస్తారా?"

"రాస్తే రాయనీండి. అన్నం ఎవరి జీతమైతే ఏందండీ?"

"ఆడదాని కొంగు పట్టుకుని ఓడ దిగమంటావా?" అన్నాడు. ఓడలో ఆ కొంగుతోనే మూతి తుడుచుకునే మనిషి అన్నాడు ఆ మాట! పెద్దబావ, "మా ఇంటావంటా లేదు," అని గొడుగుతో నేలను పొడిచాడు. నాయన మాత్రం అక్క మొహం చూడకుండా, "ఆలోచిద్దాంలేమ్మా," అన్నాడు. నాయన ఆలోచిద్దామంటే వద్దని. నాకు ఆయనంటే ప్రాణం, అయినా ఆ రాత్రి ఆయనకు మంచినీళ్ళు ఇవ్వబుద్ధి కాలేదు.

తెల్లారేసరికి బావ తీర్పు వచ్చేసింది. ఇద్దరూ ఇక్కడే ఉంటారు. అక్క కూడా ఉద్యోగం మానుకుంటున్నట్టు ఆసుపత్రికి చెప్పేస్తుంది. అక్క ఆసుపత్రికి ఉత్తరమైతే రాయలేదు. సెలవు రోజులు మాత్రం తరిగిపోతున్నాయి. దొడ్లో అంట్లు తోముతూ, "ఈపాటికి వార్డులో దీపాలు పెడుతుంటారే," అనేది నాతో.

ఊళ్ళో బావ వేరే కథ చెప్పాడు. "సిలోను సర్కారు వీసా ఇవ్వనంది. మనవాళ్ళంటే వాళ్ళకి గిట్టదు." ఊరు ఊరంతా సిలోను సర్కారును తిట్టిపోసింది. ఫ్యాను గాలికోసం అలిగి వచ్చినవాడు వారం తిరిగేసరికి పరాయి దేశంలో అన్యాయమైపోయిన వీరుడయ్యాడు. అంగట్లో అతనికి కుర్చీ వేసేవాళ్ళు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. కష్టం వస్తే దాన్ని ప్రార్థన మనవిగా అయ్యగారికి చెప్పుకోవాలి. ఆయన ఇంటికి వచ్చి పదిమంది ముందు దాన్ని దేవుడికి వినిపిస్తారు. అలా దేవుడి దాకా వెళ్ళిన మాటను ఆ తర్వాత ఎవరూ కాదనరు, అది ఇక నిజమే. బావ అందుకే మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టించాడని నా నమ్మకం. కొలంబోలో తలుపులు మూసుకున్నాయి గనుక, నెల్లూరులో పని దొరకాలి, అక్క ఇంటిపట్టున నెమ్మదిగా ఉండాలి. ఇదీ మనవి.

వసారా నిండా జనం. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళం గుమ్మం వైపు. అందరం మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాం. అయ్యగారు గొంతెత్తారు. "ప్రేమగల తండ్రీ, నీ దాసునికి ఆ దేశమందు తలుపులు మూయబడినవి. ఆ ప్రభుత్వము వారి కఠినమైన హృదయమును నీవెరుగుదువు..."

"అయ్యగారూ."

అక్క గొంతు. ప్రార్థన మధ్యలో ఎవరైనా మాట్లాడడం మా ఊళ్ళో అంతకుముందు లేదు.

"ఆ దేశం తలుపులు మూయలేదయ్యగారూ. నా వీసా నా పెట్టెలో ఉండాది. ఆయన్ని కూడా నాతో రమ్మనే అన్నారు. పెళ్ళాం పేరు మీద పోవడం ఆయనకి నామోషీ అయింది. మనుషులకి చెప్పుకున్నారు, ఊరుకున్నా. దేవుడికి కూడా అబద్ధం చెప్తే ఊరుకోను. ప్రార్థన మార్చండి."

ఆమెన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు గనుక ఎవరూ తెరవలేదు. పెద్దబావ దగ్గాడు. అయ్యగారు, "నీ చిత్తము ప్రభువా, నీ చిత్తము..." అని రెండుసార్లు అని ఆగిపోయారు. ప్రార్థన ముగించే దారి లేక అంతమందిమీ మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాం.

అప్పుడు నా పక్క నుంచి, "ఆమెన్," అని వినబడింది. గట్టిగా.

మా అమ్మ. మగవాళ్ళున్న చోట పెదవులు కదపడమే తప్ప ఆమె గొంతు బయటికి వచ్చి ఎరగం. ఆ ఆమెన్ అయ్యగారి ప్రార్థనకు కాదని వసారాలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. నేను కళ్ళు తెరిచి చూసేసరికి అమ్మ లేచి లోపలికి పోతోంది. అక్క వీసా ఉన్న రేకుపెట్టెను అమ్మే రెండు చేతులా మోసుకొచ్చి, బావ మోకాళ్ళ ముందు దించింది.

అమ్మ అప్పటిదాకా అల్లుడితో నేరుగా మాట్లాడింది లేదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి నాతో చెప్పించేది. ఆ రోజు కొంగు నడుముకు దోపుకుని అతని ఎదురుగా నిలబడింది.

"నా బిడ్డ రేపు పొద్దున్నే బస్సుకి పోతుండాది. మీరు వస్తే రండి, లేదంటే ఇక్కడే ఉండండి, అన్నం నేను పెడతా," అంది.