హెస్టర్‌కి రాని ఎర్ర రిబ్బను

హెస్టర్ టటిల్ ఇంట్లో ఇరవై రెండు నీలం రిబ్బన్లు ఉన్నాయి. అన్నీ రెండో బహుమతులే, అన్నీ కీరా ఊరగాయకే. మొదటి బహుమతికిచ్చే ఎర్ర రిబ్బను మాత్రం ఒక్కటీ లేదు. దాన్ని ఏటా పక్కింటి ఐవా ప్రింగిల్ ఎగరేసుకుపోయేది.

తప్పు తనది కాదు, గాజు మేడదని హెస్టర్ వాదన. ఒంటారియోలో మా కార్విల్ ఊరి సెప్టెంబరు ఎగ్జిబిషన్ జరిగేది ఆ మేడలోనే. విక్టోరియా రాణి నాటి కట్టడం. కిందటేడు గెలిచినవాళ్ల సీసా తూర్పు కిటికీ దగ్గర బల్ల మీద పెట్టడం ఆనవాయితీ. ఓడినవాళ్లది మెట్ల కింద, చీకట్లో.

"ఎండలో పెడితే బురదనీళ్లు కూడా తేనెలా మెరుస్తాయి," అనేది హెస్టర్, ఐవాకి వినపడేలా.

1954లో కప్పు కారడం మొదలైంది. మేడ కూల్చెయ్యమని అర్జీ రాసిందెవరనుకున్నారు? హెస్టరే. గడపగడపా ఎక్కి నాలుగు వందల సంతకాలు పెట్టించింది. ఎగ్జిబిషన్ అయిన సోమవారమే కూల్చేస్తామంది కౌన్సిల్.

అప్పుడు తట్టింది ఆవిడకి. ఆ మేడలో ఎర్ర రిబ్బను కొట్టడానికి మిగిలింది ఇదొక్కసారే!

తలుపులు తీయగానే దూరి, తన సీసా తూర్పు బల్ల మీద పెట్టి, ఐవా సీసాని మెట్ల కిందకి తోసేసింది. ఐవా చూసి, తన సీసాని అక్కడే ఉండనిచ్చింది.

జడ్జమ్మ హెస్టర్ సీసా ఎత్తి ఎండకి పట్టింది. అడుగునుంచి తెల్లటి మడ్డి మబ్బులా లేచింది.

"మెట్ల కింద ఉన్నన్నాళ్లూ ఇది నా కంట పడలేదమ్మా," అని తెల్ల రిబ్బను కట్టింది. మూడో బహుమతి! ఎర్రది చీకట్లో ఉన్న ఐవా సీసాకే వెళ్లింది.

సోమవారం గునపాలు పడుతుంటే ఇద్దరూ కంచె దగ్గర నిలబడ్డారు.

"నువ్వు వేసేది మెత్త ఉప్పు కదే?" అంది ఐవా.

"అవును. అయితే?"

"మడ్డి దానివల్లే. రాళ్లుప్పు వెయ్యాలి."

"ఇరవై రెండేళ్లు నోరు కుట్టేసుకున్నావా, మహాతల్లీ!"

"నన్నెప్పుడైనా అడిగావా? కిటికీతోనే సరిపోయె నీకు."

తూర్పు గోడ మీదకి గునపం లేచింది. "ఆ ఒక్క కిటికీ వదిలెయ్యండయ్యా!" అని అరిచింది హెస్టర్. కిటికీ భళ్లుమని రాలిపోయింది.

మరుసటేడు కొత్త రేకుల షెడ్డు, ట్యూబులైట్లు, అందరికీ ఒకటే వెలుగు. రాళ్లుప్పు వేసిన హెస్టర్ సీసా ఏటినీళ్లంత తేటగా ఉంది. వచ్చింది మళ్లీ నీలం రిబ్బనే.

"ఈ దిక్కుమాలిన లైట్ల కింద అన్నీ పాచి పట్టినట్టు కనపడుతున్నాయి," అంది ఐవాతో. "అర్జీ రాస్తున్నా. సంతకం పెడతావా?"

ఐవా అప్పటికే పెన్ను మూత తీసింది.