నోటికి సగమే వచ్చిన మాట

మొన్న వేసవిలో సముద్రశాస్త్రం ఇంటర్న్‌షిప్‌కని వచ్చిన కాలేజీ పిల్లల్ని నా డింగీ పడవలో మా దీవిలోని సిప్పీఘాట్ ఉప్పునీటి పాయలోకి తీసుకెళ్లాను. "ఇక్కడ దిగనివ్వొద్దు సార్, మొసళ్లుంటాయి" అన్నాను. "పర్మిషన్ ఉందిలే తాతా" అన్నాడు వాళ్ల సారు. మొసలికి కాగితం చదవడం వచ్చా?

వాళ్లలో భోపాల్ నుంచి వచ్చిన అమ్మాయి నడుంలోతు నీళ్లలో మడచెట్ల వేళ్లు లెక్కపెడుతోంది. ఇంతలో నీటి ప్రవాహానికి ఎదురుగా ఒక దుంగ ఆమె వైపు వస్తూ కనిపించింది. దుంగ ఎదురీదదు. ఆమెకు తెలుగు రాదు. మొసలిని హిందీలో మగర్‌మచ్ అంటారు. అరవబోతే భయానికి "మగర్" వరకే వచ్చింది. అంటే 'కానీ' అని.

"మగర్ క్యా, దాదా?" అంది నవ్వుతూ, కానీ ఏంటి తాతా అన్నట్టు, అక్కడే నిలబడి.

వీపుసంచి పట్టి పడవలోకి లాగేశాను. పడవ అడుగును ఏదో రాసుకుంటూ పోయింది.

సారుకు పూర్తిగా చెప్పాను, వినలేదు. వినే పిల్లకు సగమే చెప్పగలిగాను.