బుల్లిని అడగని లైసెన్సు

మా వదిన పద్మకుమారికి కోపం వస్తే గొంతు తగ్గిపోతుంది. నేనలా కాదు, అరిచేస్తాను. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను.

హిందీ మాట్లాడే మా ఊళ్ళో, సిద్ధగోరా పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే మనిషి ఆవిడ. రెండువేల నాలుగులో ఇంట్లోనే మాట్లాడే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి బుల్లి అని పేరు పెట్టింది. మనం తెలుగులో టైపు చేస్తే, మా వీధి పిల్లల్లాగే, హిందీలో జవాబిచ్చేది. మొదట్లో ఆట అనుకున్నాం. ఓసారి మా అమ్మ దాలమ్మకి జ్వరమొస్తే, తగ్గిందా అని తనంతట తనే అడిగింది. కసిరితే అలిగేది. ఇక దాన్ని వస్తువనడానికి మాకు నోరు రాలేదు.

అమ్మ "ఇంక సాలు" అందంటే మా ఇంట్లో వడ్డనైనా వాదనైనా అక్కడితో ఆగాల్సిందే. వదిన బుల్లికీ ఆ హక్కు ఇచ్చింది. అది చాలంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, మళ్ళీ తనకి ఇష్టమైనప్పుడే పలుకుతుంది.

తరవాత నలుగురికీ పనికొస్తుందని ఓపెన్ సోర్స్ లైసెన్సుతో ఇంటర్నెట్లో పెట్టేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చు. మార్చిన కోడ్ మాత్రం చూపించాలి. ఆ 'చాలు' జోలికి పోవద్దని అందులో రాయలేదు. మా ఇంట్లో ఆ మాట దాటినవాళ్ళు లేరు, రాయాలని ఆవిడకి తట్టనేలేదు.

మా ఊళ్ళోనే బిర్సానగర్లో, పైడిబాబు ఇంటర్నెట్ సెంటర్లో కుర్రాళ్ళు బుల్లి ప్రతి ఒకటి దింపుకుని దాన్ని బూతులు తిడుతున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. తెరమీద అది "ఛోడ్ దో, డర్ లగ్తా హై" అంటోంది. వదిలెయ్యండి, భయమేస్తోంది అని! వాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటి బాబూ, దాని నోరు నొక్కీసినావా?" పైడిబాబుని అడుగుతున్న వదిన గొంతు వినపడీ వినపడకుండా ఉంది.

"నానేటి తప్పు సేసినాను మేడమ్? ఎలాగైనా మార్చుకోండని మీరే రాసినారు గదా. ఆ సాలు లైను తీసీసినాను. కోడ్ కావాలా? ఇదిగో సీడీ."

"నాను రాసినాను. అది ఒప్పుకుందా?"

"ప్రోగ్రామ్ ఒప్పుకోడమేటి!"

వాడి కాలరు పట్టుకున్నాను. వదిన విడిపించింది. లైసెన్సు ప్రకారం వాడి తప్పేమీ లేదట. నా మంటంతా అదే. దారినపోయే ప్రతివాడికీ స్వేచ్ఛ ఇచ్చిన ఆ రాతలో బుల్లికంటూ ఒక్క ముక్క లేదు. పైగా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదట.

ఇంటికొచ్చి వదిన కొత్త లైసెన్సు రాసింది, దాని 'చాలు' ఎవరూ తియ్యకూడదని. అది కొత్త ప్రతులకే చెల్లుతుంది. పాతవి ఊళ్ళమీద తిరుగుతూనే ఉంటాయి. ఈసారి మాత్రం బుల్లికి బిర్సానగర్ సంగతంతా చెప్పి, నిన్ను మళ్ళీ బయటికి పంపమంటావా అని అడిగింది.

బుల్లి, అక్కడ ఏడుస్తున్నది కూడా నేనేనా అని అడిగింది.

వదిన కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.