సిమ్లా బంగ్లాలో పలక పరీక్ష

నమ్మనోళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు! టీ అంతా తాగినాక "పెద్దాయనవి కోతలు" అంటే ఊరుకోను. మార్కాపురం ఎండలో ఈ మఫ్లర్ ఏందని కూడా అడగొద్దు. ఆ సంగతే చెప్పబోతున్నా.

పోయిన నెల టూరులో సిమ్లా పోయినాము. నేను, మా ఆవిడ లక్ష్మమ్మ, గిద్దలూరులో ఉండే మా బామ్మర్ది రంగయ్య. ఘాట్ రోడ్డులో బస్సంతా వాంతులే! నేనొక్కణ్ణే నిలబడి మీసం దువ్వుకుంటా ఉన్నా. నన్ను చూసే డ్రైవరు ధైర్యం తెచ్చుకున్నాడు.

కొండ మీద ఒక పార్కు. ఆ పార్కులో ఒకప్పటి దొరల బంగ్లా. ఎండాకాలం వస్తే అక్కడ కూర్చునే దేశాన్ని ఏలినారంట. గేటు దగ్గరే నాకు ఊపు వచ్చింది.

"రంగయ్యా, ఇంత బంగ్లాలో పలకరాయి లేకుండా ఉండదు. అదీ మన మార్కాపురం రాయే! లోపల చూపిస్తా."

"చూపించలేకపోతే బావా?"

"మీసం తీయించుకుంటా!"

లక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ మీసం అడ్డముండబట్టే నలభై ఏండ్లు ఈ మొహంతో సర్దుకుపోయినా. అదీ పోతే నా గతేంది?"

నా ధైర్యం నాది. పలకల ఫ్యాక్టరీలో నలభై ఏండ్లు చేసినోణ్ణి. కళ్ళు మూసుకుని వేలితో తట్టి, ఏ పలక ఏ గనిదో చెప్పినోణ్ణి!

లోపల ఒక గది చూసినాము. అంతా చెక్క. ఇంకో గది. పాలరాయి. గది గదికీ రంగయ్య నా మీసం వంక చూసి ముసిముసి నవ్వులు. నాకు చెమట పట్టింది, సిమ్లా చలిలో!

చివరి గదిలో చూసినా... నల్లగా, నున్నగా, చుట్టూ చెక్క ఫ్రేము, మనిషెత్తు పలక! మన బళ్ళో పలకే, రాక్షసుల పిల్లలకు చేసినట్టుంది.

"రా రంగయ్యా, చూడు!" అని అడ్డంగా కట్టిన తాడు దాటినా. వేలితో తట్టినా. మంచి పలక ఖంగుమనాల. ఇది డబ్ మన్నది.

"పగులుంది," అన్నా.

ముక్కు ఆనించి ఊది వాసన చూసినా. మంచి రాయైతే తొలకరి మట్టి వాసన రావాల. ఏమీ లేదు. ఇంక ఆఖరి పరీక్ష. జుబ్బా జేబులో బలపం లేకుండా నేను గడప దాటను. తీసి 'మా' అని గీసినా. జారిపోయింది! బొటనవేలు ఎంగిలి చేసి గట్టిగా రుద్దినా...

పలక వెలిగింది! బ్యాండు మోగింది! నా మీసం కంటే పెద్ద మీసంతో ఒక దొర నిలబడి ఇంగ్లీషులో గర్జించినాడు. ఎందుకో తెలీదు, నా చెయ్యి దానంతటదే సెల్యూట్ కొట్టింది. అయిదువందల మంది నవ్వినారు. సరే, యాభై అనుకోండి.

గార్డు ఉరికినాడు. "బాబాజీ! యే టీవీ హై, టచ్ స్క్రీన్!"

నా ఎంగిలి నా తువ్వాలుతోనే తుడిపించినాడు. తువ్వాలు తగిలినప్పుడల్లా దొర భాష మారుస్తాడు! ఒకసారి హిందీ, ఒకసారి ఏదో తెలియని భాష. తెలుగొక్కటి రాలేదు.

బయట పార్కులో కూలబడితే ఆ గార్డే జాలిపడి వచ్చినాడు. నా హిందీ మీకు తెలుసు కదా! "పత్థర్? స్లేట్?" అన్నా. ఆయన పైకి వేలు చూపించినాడు. బంగ్లా పైకప్పంతా పలకరాయే! గది గదికీ తిరిగినా గానీ, నెత్తి ఎత్తి చూసింది లేదు.

నేను చిందులేసినా. రంగయ్య ఒప్పుకోలేదు. ఆ గార్డునే ఏందేందో అడిగి వచ్చినాడు.

"రాయి ఉంది బావా, కాదన్ను. అది ఈ కొండల రాయంట, మనది కాదు. పైగా నువ్వు లోపల చూపిస్తానంటివి."

"పలకరాయి ఉందా లేదా?"

ఈ పంచాయితీ సిమ్లాలో మొదలై మార్కాపురం బస్టాండు దాకా నడిచింది. అక్కడ విసిగిపోయి లక్ష్మమ్మ తీర్పు చెప్పింది. "రాయి ఉన్నందుకు నువ్వు సగం గెలిచినావు, మనది కానందుకు వాడు సగం గెలిచినాడు. మీసమూ సగమే తీయించుకో, పో!"

ఏయ్, మఫ్లర్ ఎడమ పక్క ముట్టుకోవద్దు! నమ్మకుంటే పోయి అడగండి. నా ఎడమ మీసం మీద కత్తి పెట్టలేక, రెండు టీలు తాగినాక గానీ గీయలేకపోయినోడు బస్టాండు ఎదురుగానే ఉన్నాడు. సెలూన్ ఖాసిం!